చర్చి గోడ, రాజకొలువు, వర్తకుడి ఇల్లు: బరోక్ కాలపు యూరప్ చిత్రకారులు

యూరప్ చిత్రకళలో బరోక్ అని పిలిచే కాలం 1600కు కొద్దిగా ముందు రోమ్‌లో మొదలై, 1700 దాటిన కొన్నేళ్ళకు ముగిసింది. కారవాజ్జో, రూబెన్స్, వెలాస్కెస్, రెంబ్రాంట్, వెర్మీర్ అందరూ ఈ నూరు నూటపాతికేళ్ళ వాళ్ళే. వీళ్ళ చిత్రాలు మాత్రం ఒకదాన్ని ఒకటి పోలవు. రూబెన్స్ గీసిన బలిపీఠపు చిత్రం ఎదుట నిలబడాలంటే నాలుగడుగులు వెనక్కి వేయాలి. వెర్మీర్ చిత్రాన్ని చూడాలంటే దగ్గరకు వెళ్ళి వంగాలి. శైలి లక్షణాలను మాత్రమే చూస్తే ఇంతటి తేడా ఎందుకో తెలియదు. చిత్రాన్ని ఎవరు అడిగారు, ఏ గోడకు అడిగారు, డబ్బు ఎలా చెల్లించారు అని చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ఆ కాలానికి పునాది మతంలో వచ్చిన చీలిక. జర్మన్ మతసంస్కర్త లూథర్ తిరుగుబాటు తర్వాత తమ ఇంటిని చక్కబెట్టుకోవడానికి కతోలిక మతపెద్దలు 1545 నుంచి 1563 వరకు ట్రెంట్ నగరంలో విడతలు విడతలుగా సమావేశమయ్యారు. 1563 డిసెంబరులో జరిగిన చివరి సమావేశంలో చర్చిలోని బొమ్మల మీద ఒక తీర్మానం చేశారు. బొమ్మలు ఉండవచ్చు, ఉండాలి కూడా. అయితే అవి చదువురాని భక్తుడికి కథ చెప్పాలి, భక్తి కలిగించాలి, అసభ్యతకు తావివ్వకూడదు అన్నది దాని సారం. మూడేళ్ళు తిరగకముందే, 1566 వేసవిలో, నెదర్లాండ్స్ ప్రాంతంలో ప్రొటెస్టెంట్ బోధకుడు కాల్విన్ అనుచరులు చర్చిల మీద పడి విగ్రహాలను, చిత్రాలను పగలగొట్టారు. ఆంట్వెర్ప్ ప్రధాన దేవాలయం కూడా ఆ దాడికి గురైంది. ఈ రెండు సంఘటనలే తర్వాతి శతాబ్దపు చిత్రకారుల జీవనాన్ని నిర్ణయించాయి. కతోలిక దేశాల్లో ఖాళీ అయిన బలిపీఠాలకూ కొత్తగా కడుతున్న చర్చిలకూ వందల చిత్రాలు కావలసి వచ్చాయి. ప్రొటెస్టెంట్ హాలెండ్‌లో చర్చి అనే కొనుగోలుదారే మాయమయ్యాడు.

రోమ్: సుంకరి మత్తయి గది

పదహారో శతాబ్దం చివరినాటికి ఇటలీ చిత్రకళ మైఖేలాంజెలో, రఫాయేల్‌ల అనుకరణలో అలసిపోయి ఉంది. సాగదీసిన శరీరాలు, అర్థం కాని సంకేతాలు, తెలివి ప్రదర్శనే ఎక్కువ. దాన్ని ఇద్దరు రెండు వైపుల నుంచి కదిలించారు. బొలోన్యా నగరం నుంచి వచ్చిన అన్నిబాలె కర్రాచి సజీవ నమూనాలను చూసి గీసే అలవాటును మళ్ళీ తెచ్చాడు. అతను 1597లో మొదలుపెట్టిన ఫర్నేసే భవనపు పైకప్పు గ్రీకు దేవతల ప్రేమకథలతో నిండి ఉంటుంది. అంత పనికీ ఫర్నేసే కార్డినల్ చాలా కొద్ది సొమ్ము ఇచ్చాడనీ, ఆ అవమానంతోనే అన్నిబాలె కుంగిపోయాడనీ అతని జీవితచరిత్రకారులు రాశారు. అతను 1609లో చనిపోయాడు.

రెండో వ్యక్తి మికెలాంజెలో మెరీసి. 1571లో మిలాన్‌లో పుట్టాడు. కుటుంబం కారవాజ్జో అనే ఊరిది కాబట్టి లోకానికి ఆ పేరుతోనే తెలుసు. రోమ్‌కు వచ్చిన తొలిరోజుల్లో ఇతరుల పనిశాలల్లో పూలూ పండ్లూ గీసి పొట్టపోసుకున్నాడు. తర్వాత దెల్ మోంతె అనే కార్డినల్ అతన్ని తన ఇంట్లో పెట్టుకున్నాడు. 1599లో అతనికి మొదటి పెద్ద పని దొరికింది. రోమ్‌లోని ఫ్రెంచివారి చర్చి సాన్ లుయీజి దెయి ఫ్రాంచేజీలో కాంతరెల్లి అనే కార్డినల్ ఒక చిన్న ప్రార్థనాగదికి సొమ్ము ఉంచి 1585లో చనిపోయాడు. ఆయన పేరులో ఉన్న పునీత మత్తయి కథ ఆ గది గోడల మీద ఉండాలన్నది ఆయన కోరిక. పదిహేనేళ్ళుగా పూర్తికాని ఆ పని కారవాజ్జో చేతికి వచ్చింది.

ఎడమ గోడ మీద ఉన్న చిత్రంలో సుంకరి మత్తయి డబ్బు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు రోమ్ వీధుల్లో ఆనాడు కనిపించే ఈకల టోపీలు, చారల చొక్కాలు, నడుముకు కత్తులతో ఉంటారు. క్రీస్తు కుడివైపు చివర, దాదాపు చీకటిలో, చేయి చాచి నిలబడి ఉంటాడు. ఆయన తల మీదుగా ఏటవాలుగా వచ్చే వెలుగు బల్ల దగ్గరి ముఖాలను ఒక్కొక్కటిగా తాకుతుంది. ఇందులో మేఘాలు లేవు, దేవదూతలు లేరు. పిలుపు అందిందన్న సంగతిని వెలుతురే చెబుతుంది. ట్రెంట్ తీర్మానం కోరిన స్పష్టతను ఇంత నేరుగా అందించిన చిత్రం అంతకుముందు లేదు. ఎదురుగా కుడి గోడ మీద మత్తయి వధ ఉంది. ఎక్స్‌రే తీసి చూస్తే దాని అడుగున వేరే అమరిక కనిపించింది. ఒకసారి మొదలుపెట్టి నచ్చక దాని మీదే మళ్ళీ గీశాడు.

అతని పద్ధతి ఆ కాలపు శిక్షణకు పూర్తిగా భిన్నం. కాగితం మీద పదుల నమూనాలు గీసుకుని, వాటిని కూర్చి పెద్ద చిత్రం చేయడం ఇటలీ ఆచారం. కారవాజ్జో గీసిన కాగితపు నమూనా ఒక్కటి కూడా మిగలలేదు. మనుషులను ఎదురుగా నిలబెట్టి, ముదురు గోధుమరంగు పూత పూసిన కాన్వాసు మీద నేరుగా రంగులు వేసేవాడు. భంగిమ తప్పిపోకుండా కుంచె వెనుక భాగంతోనో మరో మొనతోనో తడి పూత మీద గీతలు గీసుకునేవాడు. ఆ గీతలు కొన్ని చిత్రాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ముదురు పూత వల్ల నీడలను వేరుగా గీయనక్కర్లేదు, వెలుగు పడే చోటు మాత్రం గీస్తే చాలు. అతని చీకటికి భావం ఎంత కారణమో ఈ పనితీరూ అంతే కారణం.

నమూనాలుగా నిలబడ్డవాళ్ళు పేదలు. చిక్కు అక్కడే వచ్చింది. కాంతరెల్లి గది బలిపీఠం కోసం గీసిన మత్తయి చిత్రంలో సువార్తికుడు కాలు మీద కాలు వేసుకుని, మడమ ముందుకు చాచి, దేవదూత చేయిపట్టి రాయిస్తుంటే అక్షరాల వైపు ఆశ్చర్యంగా చూసే కూలివాడిలా ఉంటాడు. దాన్ని తిప్పి పంపారు. అతను 1602లో మరొకటి గీసి ఇచ్చాడు. మొదటిదాన్ని విన్చెంజో జుస్తినియాని అనే సంపన్నుడు కొన్నాడు. ఆ చిత్రం చేతులు మారి బెర్లిన్ చేరి, 1945లో యుద్ధం చివర నాశనమైంది. ఇప్పుడు ఛాయాచిత్రాల్లోనే చూడగలం. మరియమాత మరణ చిత్రానికీ అదే గతి పట్టింది. ఉబ్బిన దేహం, దుప్పటి బయటికి వచ్చిన ఉత్తి పాదాలు చూసి కార్మెలైట్ సన్యాసులు దాన్ని తీసుకోలేదు. అప్పుడు రోమ్‌లో ఉన్న యువ చిత్రకారుడు రూబెన్స్ సలహాతో 1607లో మాంటువా ప్రభువు దాన్ని కొన్నాడు. ఊరు దాటించే ముందు రోమ్ చిత్రకారులు పట్టుబట్టడంతో వారంరోజుల పాటు ప్రదర్శనకు పెట్టాల్సి వచ్చింది. సన్యాసులు కాదన్నదాన్ని వృత్తివాళ్ళు గుర్తించారు. అది ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది.

1606 మే 28న జరిగిన కత్తుల గొడవలో రనూచ్చో తొమస్సోని అనే మనిషి కారవాజ్జో చేతిలో చనిపోయాడు. అక్కడి నుంచి బతుకంతా పరుగే. నేపుల్స్, మాల్టా, సిసిలీ, మళ్ళీ నేపుల్స్. మాల్టా వీరసంఘం 1608లో అతన్ని సభ్యుడిగా చేర్చుకుని, కొద్దినెలలకే బహిష్కరించింది. ఆ మధ్యలో వాలెట్టా చర్చికి గీసిన యోహాను శిరచ్ఛేదం అయిదు మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. అతను సంతకం పెట్టిన చిత్రం అదొక్కటే. యోహాను మెడ నుంచి కారిన నెత్తుటిలో ఆ పేరు రాశాడు. క్షమాభిక్ష మీద ఆశతో రోమ్‌కు బయలుదేరి 1610 జులైలో దారిలోనే, పోర్తో ఎర్కోలేలో, 38 ఏళ్ళ వయసులో చనిపోయాడు. శిష్యులను తయారుచేయకపోయినా నేపుల్స్‌లో రిబేరా, ఉట్రెక్ట్‌లో హోంత్‌హార్స్ట్, లొరేన్‌లో జార్జ్ ద లా టూర్ వరకు అతని వెలుగునీడలు పాకాయి.

ఆ దారిలో నడిచినవారిలో ఆర్టెమీసియా జెంటిలెస్కి ప్రత్యేకంగా చెప్పుకోవలసిన మనిషి. 1593లో రోమ్‌లో పుట్టింది. తండ్రి ఒరాత్సియో కారవాజ్జోకు తెలిసిన చిత్రకారుడు. ఆడపిల్లకు పనిశాలల్లో శిక్షణ దొరకని రోజుల్లో ఇంట్లోనే తండ్రి దగ్గర నేర్చుకుంది. 17 ఏళ్ళకే సుసన్నా, పెద్దమనుషుల కథను గీసింది. 1611లో తండ్రి సహచరుడు అగోస్తీనో తస్సీ ఆమెపై అత్యాచారం చేశాడు. 1612లో విచారణ నెలల తరబడి సాగింది. ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికని వేళ్ళకు తాళ్ళు బిగించి హింసించారు. చిత్రకారిణి వేళ్ళవి. ఆమె మాట మార్చలేదు. తస్సీకి శిక్ష పడింది కానీ సరిగా అమలు కాలేదు.

ఆ తర్వాత ఆమె గీసిన, యూదితు అనే యూదు స్త్రీ శత్రుసేనాని హోలోఫెర్నెసు తల నరికే చిత్రాలు రెండు ఇప్పుడు నేపుల్స్‌లో, ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి. అదే కథను గీసిన కారవాజ్జో చిత్రంలో యూదితు కొంచెం వెనక్కి జరిగి, ముఖం చిట్లించుకుని కత్తి పడుతుంది. ఆర్టెమీసియా యూదితు చొక్కా చేతులు పైకి మడిచి, శరీరబలమంతా పెట్టి పని పూర్తిచేస్తుంది. దాసి కూడా పక్కన నిలబడి చూడదు, అతన్ని అదిమి పడుతుంది. ఈ చిత్రాన్ని ఆమె బాధకు ప్రతీకారంగా మాత్రమే చదవడం అలవాటైపోయింది. అది ఆమెకు చేసే చిన్న అన్యాయం. బలం ఎక్కడ పడితే తల తెగుతుందో లెక్కగట్టిన చిత్రనిర్మాణం అది. ఫ్లోరెన్స్ చిత్రకళా అకాడమీ 1616లో ఆమెను చేర్చుకుంది, ఆ అకాడమీలో మొదటి మహిళ ఆమే. ఆ తర్వాత వెనిస్, నేపుల్స్, లండన్ రాజకొలువు దాకా పనిచేసి కుటుంబాన్ని పోషించింది.

ఆంట్వెర్ప్: పనిశాల యజమాని

పీటర్ పౌల్ రూబెన్స్ 1600 నుంచి ఎనిమిదేళ్ళు ఇటలీలో గడిపి, 1608 చివర ఆంట్వెర్ప్‌కు తిరిగివచ్చాడు. మరుసటేడే స్పెయిన్‌తో డచ్చివారికి పన్నెండేళ్ళ యుద్ధవిరామం కుదిరింది. విగ్రహభంజకులు ఖాళీ చేసిన చర్చిలను మళ్ళీ నింపడానికి అంతకన్నా మంచి అదను లేదు. శిలువను పైకెత్తే చిత్రం 1610–11లో, శిలువ నుంచి దించే చిత్రం 1612–14లో వచ్చాయి. మొదటిదానిలో కండలు తిరిగిన మనుషులు బరువును తాళ్ళతో లాగుతుంటే చిత్రమంతా ఏటవాలుగా పైకి లేస్తుంది. ఇప్పుడు రెండూ ఆంట్వెర్ప్ ప్రధాన దేవాలయంలోనే ఉన్నాయి.

పని ఒక్కడి చేతికి అందేది కాదు. రూబెన్స్ తన ఇంట్లోనే పెద్ద పనిశాల నడిపాడు. చిన్న చెక్కపలక మీద నూనెరంగులతో తానే చురుకైన నమూనా గీసేవాడు. దాన్ని సహాయకులు పెద్ద కాన్వాసు మీదికి ఎక్కించేవారు. చివరికి ముఖాలూ చేతులూ ముఖ్యమైన చోట్లూ తాను సరిదిద్దేవాడు. ఇందులో దాపరికం లేదు. 1620లో ఆంట్వెర్ప్ జెసూయిట్ చర్చి పైకప్పుకు 39 చిత్రాలు గీసే ఒప్పందంలోనే ఆ సంగతి రాసుకున్నారు. నమూనాలు రూబెన్స్ సొంత చేతితో, పెద్దవి వాన్ డైక్, ఇతర శిష్యులతో. 1718లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ పైకప్పు కాలిపోయింది, రూబెన్స్ గీసిన చిన్న నమూనాలు కొన్ని మిగిలాయి. 1618లో ఇంగ్లండు రాయబారి డడ్లీ కార్ల్‌టన్ దగ్గరున్న ప్రాచీన శిల్పాల కోసం బేరం చేస్తూ రూబెన్స్ ఒక జాబితా పంపాడు. ఏ చిత్రం పూర్తిగా తనది, ఏది శిష్యుడు మొదలుపెట్టగా తాను ముగించినది అని ఒక్కొక్కదాని పక్కనా రాశాడు. సంకెళ్ళలోని ప్రొమీథియస్ చిత్రంలో గద్దను గీసింది తాను కాదనీ జంతువుల చిత్రణలో దిట్ట అయిన స్నైడర్స్ అనీ చెప్పాడు. ఆ చిత్రం ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉంది. చిత్రకారుడి చేతిముద్రకు ధరలో తేడా ఉంటుందన్న లెక్క ఇంత స్పష్టంగా రాతలో దొరికే తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఫ్రాన్స్ రాజమాత మరీ ద మెదిచీ జీవితం మీద 24 పెద్ద చిత్రాలు 1622–25 మధ్య ఈ పద్ధతిలోనే పూర్తయ్యాయి. పెద్దగా గొప్పలు లేని ఆ రాణి జీవితాన్ని దేవతలతో, జలకన్యలతో నింపి మహాకావ్యం చేయగలిగాడంటే అది రూబెన్స్ ఊహ చలవే. రాజుల నడుమ రాయబారిగానూ నడిచాడు. 1630లో స్పెయిన్, ఇంగ్లండుల మధ్య కుదిరిన శాంతి ఒప్పందం వెనుక అతని కృషి ఉంది. శిష్యుడు వాన్ డైక్ 1632లో లండన్ చేరి ఒకటో చార్లెస్ కొలువు చిత్రకారుడయ్యాడు. పొట్టివాడైన ఆ రాజు వాన్ డైక్ చిత్రాల్లో ఎక్కడా పొట్టిగా కనిపించడు.

మాడ్రిడ్: దుకాణం పెట్టని చిత్రకారుడు

డియేగో వెలాస్కెస్ 1599లో సెవియాలో పుట్టాడు. పచేకో అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేసి ఆయన కూతురినే పెళ్ళాడాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే గీసిన వంటింటి చిత్రాల్లో ఒక ముసలామె మట్టిపాత్రలో కోడిగుడ్లు వండుతుంది. తెల్లసొన గడ్డకట్టే క్షణం, ఇత్తడి గిన్నె మెరుపు, పళ్ళెం మీద కత్తి నీడ, అన్నిటికీ సమాన శ్రద్ధ. 1623లో నాలుగో ఫిలిప్ కొలువులో చేరాక చనిపోయేదాకా ఆ రాజునే సేవించాడు. చిత్రాలు గీయడంతో పాటు రాజభవనంలో బసల ఏర్పాట్లు చూసే పదవి కూడా అతనిదే. అందువల్లే అతను గీసినవి తక్కువ. చర్చికి సైతం పెద్దగా గీయలేదు. రాజు జీతం ఉన్నవాడికి ఎవరి కోసమూ తొందరపడనక్కర్లేదు. ఆ తీరిక అతని కుంచెలో కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే రంగు మరకలే. కొంచెం వెనక్కి జరిగితే అవే పట్టు, వెండి జరీ, జుట్టు.

1650లో రోమ్‌లో ఉన్నప్పుడు తన పనిశాలలో ఉన్న బానిస హువాన్ ద పరేహా చిత్రాన్ని గీశాడు. ముదురు రంగు ముఖం, తెల్లని లేసు పట్టీ, నేరుగా చూసే చూపు. రాజులకు ఇచ్చిన హుందాతనమంతా ఆ మనిషికీ ఇచ్చాడు. అదే ఏడు అతనికి విముక్తి పత్రం రాసిచ్చాడు. పరేహా తర్వాత సొంతంగా చిత్రకారుడయ్యాడు. చిత్రంలో అంత గౌరవం ఇచ్చిన చేతులే అప్పటిదాకా అతన్ని సొత్తుగా ఉంచుకున్నాయన్న నిజాన్ని కూడా మరువకూడదు.

1656 నాటి లాస్ మెనీనాస్ చిత్రంలో అయిదేళ్ళ రాకుమారి మార్గరీటా మధ్యలో ఉంటుంది. చెలికత్తెలు, మరుగుజ్జులు, కుక్క చుట్టూ ఉంటారు. ఎడమవైపు పెద్ద కాన్వాసు ముందు కుంచె పట్టుకుని వెలాస్కెస్ తానే నిలబడి ఉంటాడు. వెనుక గోడ మీద అద్దంలో రాజు, రాణి మసకగా కనిపిస్తారు. అంటే వాళ్ళు మనం నిలబడ్డ చోటే ఉన్నారన్నమాట. అతని ఛాతీ మీద ఎర్రని శిలువ సాంత్యాగో వీరసంఘానిది. ఆ గౌరవం అతనికి 1659లో దక్కింది కాబట్టి ఆ గుర్తు చిత్రం పూర్తయ్యాక చేరినది. ఆ గౌరవం ఇచ్చేముందు నూరుమందికి పైగా సాక్షులను విచారించారు. వంశం గురించి అడిగారు, ఎప్పుడైనా దుకాణం పెట్టి చిత్రాలు అమ్మాడా అనీ అడిగారు. అమ్మలేదని సాక్షులు చెప్పారు. చేతిపని చేసి అమ్ముకునేవాడు కులీనుడు కాలేడన్నది స్పెయిన్ నమ్మకం.

హాలెండ్: సంతలో చిత్రాలు

స్పెయిన్‌లో అవమానంగా ఉన్న ఆ అమ్మకమే హాలెండ్‌లో బతుకుతెరువు. అక్కడ చర్చి చిత్రాలు కొనదు, పెద్ద రాజకొలువు లేదు. కొనేది వర్తకులు, సారా కాచేవాళ్ళు, రొట్టెల దుకాణాలవాళ్ళు, వృత్తిపనివాళ్ళు. 1641లో రాటర్‌డామ్ వార్షిక సంతకు వెళ్ళిన ఆంగ్లేయుడు జాన్ ఎవ్లిన్ అక్కడ గుట్టలుగా ఉన్న చిత్రాలను చూసి విస్తుపోయి దినచర్యలో రాసుకున్నాడు. ఆ శతాబ్దంలో డచ్చివారు గీసిన చిత్రాలు లక్షల్లో ఉంటాయని చరిత్రకారుల అంచనా. సెయింట్ లూకా పేరు మీద ఊరూరా ఉన్న వృత్తిసంఘమే శిష్యరికాన్నీ అమ్మకాలనూ నియంత్రించేది. సంఘంలో సభ్యత్వం లేనివాడు ఆ ఊళ్ళో చిత్రాలు అమ్మకూడదు.

ముందుగా అడిగి గీయించుకునేవాడు లేనప్పుడు చిత్రకారుడు ఊహించి గీయాలి. దాని ఫలితంగా ఒక్కొక్కరూ ఒక్కొక్క అంశానికి కట్టుబడ్డారు. పీటర్ క్లాస్ బల్ల మీది రొట్టె, చేప, వైన్ గ్లాసు గీస్తే, పౌలస్ పాటర్ పశువులను, సాన్‌రెడామ్ బొమ్మలు లేని తెల్లని చర్చి లోపలి భాగాలను గీశాడు. యాన్ స్టేన్ సారా అంగళ్ళ అల్లరిని గీయడమే కాక తర్వాత అంగడి కూడా నడిపాడు. యాన్ వాన్ గోయెన్ ప్రకృతి దృశ్యాలను పల్చని గోధుమ, బూడిద రంగులతో వేగంగా ముగించేవాడు. వెయ్యికి పైగా గీశాడు. రంగు ఖర్చూ కాలమూ తగ్గించే ఆ పద్ధతి వల్ల సామాన్యుడికి అందే ధరకు చిత్రం వచ్చింది. తేమ నిండిన డచ్చి ఆకాశానికి ఆ రంగులే నప్పాయి. గిరాకీ ఒత్తిడి నుంచి నిజమైన అందం పుట్టిన సందర్భమిది. అయినా అతను అప్పుల్లోనే చనిపోయాడు.

హార్లెమ్‌లో ఫ్రాన్స్ హాల్స్ నవ్వే ముఖాన్ని విడివిడి కుంచె గీతలతో పట్టాడు. అదే ఊరిలో యూడిత్ లెయ్‌స్టర్ 1633 నాటికి సంఘంలో సభ్యురాలై, శిష్యులను పెట్టుకుని సొంత పనిశాల నడిపింది. తన శిష్యుణ్ణి హాల్స్ చేర్చుకున్నాడని సంఘం ముందు ఫిర్యాదు కూడా చేసింది. పెళ్ళయ్యాక ఆమె చిత్రాలు తగ్గాయి, చనిపోయాక పేరే పోయింది. ఆమె సంతకపు గుర్తు ఉన్న చిత్రాలను సైతం హాల్స్‌వని అమ్మారు.

రెంబ్రాంట్ లైడెన్‌లో పిండిమర యజమాని కొడుకు, 1606లో పుట్టాడు. 1632లో డాక్టర్ టుల్ప్ శవపరీక్ష పాఠం చిత్రంతో ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరు వచ్చింది. శిష్యులు ఏడాదికి నూరేసి గిల్డర్లు రుసుము కట్టి చేరేవారు. 1639లో 13,000 గిల్డర్లకు ఇల్లు కొన్నాడు, పూర్తి సొమ్ము కట్టలేదు. 1642లో నగర రక్షకదళం గీయించుకున్న చిత్రమే నైట్ వాచ్. అలాంటి చిత్రాల్లో డబ్బిచ్చిన ప్రతివాడూ వరసగా నిలబడి కనిపించడం ఆచారం. రెంబ్రాంట్ ఆ దళాన్ని ఇంకా సర్దుకోని గుంపుగా, కదలబోయే క్షణంలో గీశాడు. కొందరి ముఖాలు ఇతరుల చేతుల వెనుక సగం దాగాయి. సగటున నూరు గిల్డర్ల చొప్పున చెల్లించామని కొందరు తర్వాత సాక్ష్యమిచ్చారు. 1715లో నగర భవనంలో గోడకు సరిపోలేదని ఆ చిత్రం అంచులు కోసేశారు.

1656లో రెంబ్రాంట్ దివాలా తీశాడు. అప్పులవాళ్ళ కోసం రాసిన ఆస్తుల జాబితాలో 363 పద్దులున్నాయి: చిత్రాలు, శిల్పాలు, గవ్వలు, ఆయుధాలు, దేశదేశాల వస్తువులు. ఆ కాలంలోనే అతను మొగలు సూక్ష్మచిత్రాలను చూసి ఆసియా కాగితం మీద గీసుకున్నాడు. జహంగీర్, షాజహాన్, చెట్టు కింద కూర్చున్న నలుగురు పెద్దలు. అలాంటివి ఇరవైకి పైగా మిగిలాయి. ఆ నలుగురి భంగిమను అదే ఏడు చెక్కిన అబ్రాహాము ఆతిథ్యం చిత్రంలో వాడుకున్నాడు. ఇతరుల చిత్రాలను ఇంత మెత్తగా, ఇంత వినయంగా అతను మరెక్కడా నకలు చేయలేదు. మన చిత్రాలు ఆ ఊరు చేరడానికి డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు దారి వేశాయి. తెలుగునేలతో ఆ కంపెనీ సంబంధం పాతది. మచిలీపట్నంలో 1606 నాటికే వర్తకస్థావరం పెట్టుకుంది. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన, భారతదేశపు పాలకుల ముఖచిత్రాలు 49 ఉన్న ఒక సంపుటి ఆమ్‌స్టర్‌డామ్ నగరపెద్ద నికొలాస్ విట్సన్ చేతికి చేరింది. ఆ మరుసటేడే ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. సంపుటి ఇప్పుడు రైక్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

డెల్ఫ్ట్ నగరపు వెర్మీర్ 1632లో పుట్టి 1675లో చనిపోయాడు. మిగిలిన చిత్రాలు 35కు అటూ ఇటూ. ఏడాదికి రెండు మూడుకు మించి గీయలేదు. అతని చిత్రాలను ఎక్కువగా కొన్నది ఆ ఊరి సంపన్నుడు పీటర్ వాన్ రైవన్. రంగుల విషయంలో వెర్మీర్ రాజీ పడలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చే లాజవర్దం రాయిని నూరి తీసే నీలం అప్పటి రంగుల్లో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. చాలామంది దానికి బదులు గాజుపొడి నీలమో నీలిమందో వాడేవారు. వెర్మీర్ దాన్ని పాలు పోసే పనిమనిషి నడుముగుడ్డకు వాడాడు, తెల్లగోడ నీడల్లో సైతం కలిపాడు. కిటికీ వెలుతురులో గోడకున్న మేకు, మేకు పక్క చిల్లు, రొట్టె మీద వెలుగు చుక్కలు కూడా ఆ చిత్రంలో ముఖ్యమే.

1672లో ఫ్రాన్స్ సైన్యం హాలెండ్ మీదికి వచ్చింది. చిత్రాల బజారు కుప్పకూలింది. మూడేళ్ళ తర్వాత వెర్మీర్ చనిపోయేనాటికి భార్య కాథరీనాకు 11 మంది పిల్లలు, పేరుకుపోయిన అప్పులు మిగిలాయి. రొట్టెల బాకీ 617 గిల్డర్ల కింద ఆమె రెండు చిత్రాలను రొట్టెల వర్తకుడి దగ్గర ఉంచాల్సి వచ్చింది. హాలెండ్ చిత్రకళకు ఆ బజారు మళ్ళీ పూర్వపు స్థాయిలో తిరిగిరాలేదు.

శతాబ్దం చివర

శతాబ్దం చివరికి పెద్ద సొమ్ము ఫ్రాన్స్ రాజు దగ్గర ఉంది. 1648లో పుట్టిన రాజ అకాడమీ చిత్రలేఖనాన్ని నియమాల కింద పెట్టింది. దాని పెద్ద లెబ్రున్ వెర్సాయ్ అద్దాల మందిరపు పైకప్పును పద్నాలుగో లూయీ విజయాలతో నింపాడు. పనితనం గొప్పదే కానీ ఆ పొగడ్త ఇప్పుడు అలసట కలిగిస్తుంది. ఫ్రెంచివారిలో మేటి అయిన పూసాన్, క్లోద్ లొరాన్ ఇద్దరూ జీవితంలో ఎక్కువ భాగం రోమ్‌లో గడిపారు. తన దృశ్యాలకు నకళ్ళు పుట్టుకొస్తుంటే క్లోద్ తాను గీసిన చిత్రాలకు చిన్న గీతల నకళ్ళను ఒక పుస్తకంలో దాచుకున్నాడు. రోమ్‌లో జెసూయిట్ సోదరుడు అంద్రెయా పొజ్జో సాంత్ ఇగ్నాసియో చర్చి పైకప్పును 1694 నాటికి ముగించాడు. నేల మీద పెట్టిన పాలరాతి బిళ్ళ మీద నిలబడి చూస్తే గోడలు ఆకాశంలోకి పెరుగుతాయి. గుమ్మటం కట్టడానికి డబ్బు లేకపోతే దాన్ని కూడా కాన్వాసు మీద గీసి పైన బిగించాడు.

తర్వాతి రెండు శతాబ్దాల అభిరుచి వేరే పెద్దలను ఎంచుకుంది. బొలోన్యా చిత్రకారుడు గ్వీదో రేనీని పద్దెనిమిదో శతాబ్దంలో రఫాయేల్ పక్కన కూర్చోబెట్టారు; కారవాజ్జోను మొరటువాడని పక్కన పెట్టారు. వెర్మీర్ పేరు డెల్ఫ్ట్ వెలుపల చాలామందికి తెలిసేది కాదు. 1881లో కూడా అతని ముత్యపు పోగు అమ్మాయి చిత్రం వేలంలో రెండు గిల్డర్ల ముప్పై సెంట్లకు పోయింది. అప్పటికే, 1866లో, ఫ్రెంచి విమర్శకుడు తొరే వెర్మీర్‌ను మళ్ళీ లోకానికి పరిచయం చేశాడు. లెయ్‌స్టర్ చిత్రాలు హాల్స్‌వి కావని 1893లో తేలింది. 1915లో జర్మన్ పండితుడు హెర్మన్ వాస్ లా టూర్‌ను గుర్తించాడు. కారవాజ్జో పూర్తిగా తిరిగి నిలబడింది 1951లో మిలాన్‌లో రొబెర్తో లొంగి జరిపిన ప్రదర్శనతో. ఈనాడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న బరోక్ పెద్దల వరస వయసు సుమారు నూటయాభై ఏళ్ళే, అది ఇంకా మారుతూనే ఉంది. 2018లో లండన్ నేషనల్ గ్యాలరీ ఆర్టెమీసియా తనను పునీత కాథరీన్‌గా గీసుకున్న చిత్రాన్ని కొని, 2020లో ఆమె చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది.